తిట్లన్నీ మేస్త్రీకేనా?

పులివెందుల దిక్కు పాత ముగ్గురాయి (బెరైటీస్) గని సొరంగాలుండే ఊర్లో అక్కావాళ్ల ఇల్లు చూసొచ్చినా. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా, వేలు దూరేంత పగులు. ఎదురింటికి గీత కూడా లేదు. అందరూ మేస్త్రీని తిడుతున్నారు. నాకది అన్యాయమనిపించింది.

గని కుంగినప్పుడు పైన నేల గుంతలా దిగుతుంది. ఆ గుంత నడిమధ్యలో ఇల్లు సమంగా దిగితే పెద్దగా పగలదు. అంచు మీదుండే ఇంటికే కష్టం, అక్కడ నేల వంగుతుంది, సాగుతుంది. పైన మట్టి మందంగా, వదులుగా ఉంటే ఆ కదలిక సర్దుకుంటుంది. రాయి పైకే ఉంటే అదంతా ఒక్క నెర్రెలోకి చేరి మెట్టులా తెగుతుంది. అక్కావాళ్ల పునాది సగం రాయి మీద, సగం నల్లరేగడి మీద ఉంది. ఇంతకంటే చెడ్డ జోడీ ఉండదు!

రేగడితో ఇంకో చిక్కు. అది ఎండకు చీలుతుంది, వానకు ఉబ్బుతుంది. పగులు దానిదా, గనిదా అని చూడగానే చెప్పలేం. అందుకే పగులుకు అడ్డంగా గాజుముక్క సిమెంటుతో అతికించి (గోడ కదిలితే అది విరుగుతుంది), పగులుకు రెండు పక్కలా గోడ మీద పెన్సిలు గీతలు పెట్టి, తేదీ రాసినాం. కాలాన్ని బట్టి మూసుకుంటా తెరుచుకుంటా ఉంటే రేగడి పని. ఆగకుండా పెరుగుతా పోతే సొరంగాన్ని అనుమానించాల్సిందే.

అక్కా, వానలు దాటేదాకా ఆ పగులు పూడ్చొద్దు. గీతల మధ్య దూరం నెలనెలా కొలిచి నాకు పంపు.