ఎవరి చెయ్యి?

లండన్ నేషనల్ గ్యాలరీలో నాది గదుల కావలి ఉద్యోగం. బొమ్మలను ఎవరూ ముట్టుకోకుండా చూడాలి, దారి అడిగినవారికి చెప్పాలి. రోజుకో గది. ఇటలీ చిత్రాల వైపు పడినప్పుడు నా కాళ్లు వాటంతటవే ఒక వైద్యుడి ముందు ఆగేవి.

ఆయన వెరోనాకు చెందిన జిరోలమో ఫ్రాకస్తోరో. సిఫిలిస్ జబ్బుకు ఆ పేరు వచ్చింది 1530లో ఆయన ప్రచురించిన కావ్యం వల్లనే. బొమ్మ మీద సంతకం లేదు. 1924లో మాండ్ అనే కళాసేకర్త వీలునామా ద్వారా ఇక్కడికి చేరేసరికే బాగా దెబ్బతిని ఉంది. వెనిస్ చిత్రకారుడు టిషియన్ ఫ్రాకస్తోరోను చిత్రించాడని, చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి 16వ శతాబ్దంలోనే రాశాడు. అయినా ఆ బొమ్మ ఇదేనని ఒప్పుకోవడానికి, శుభ్రం చేసి పరీక్షించిన తరువాత, 2013 దాకా పట్టింది.

నన్ను నమ్మించింది మాత్రం ఆయన భుజాల మీది బొచ్చు. లింక్స్ అనే అడవిపిల్లి తోలు అది. దగ్గరికి వెళితే తెల్లని గీతలు, నల్లని మచ్చలు, అంతే. మూడడుగులు వెనక్కి వేస్తే వేళ్లు దూర్చాలనిపించేంత మెత్తన. ఇంత పాడైన బొమ్మలోనూ ఆ కుంచె వేగం చెక్కుచెదరలేదు.

మోరెల్లి అని 19వ శతాబ్దపు ఇటలీ పండితుడు, ఆయనా వైద్యం చదివినవాడే, చిత్రకారుణ్ణి గుర్తుపట్టాలంటే చెవులు, గోళ్లు చూడమన్నాడు. మనసు పెట్టని చోట చెయ్యి తన అలవాటు ప్రకారం పోతుందట. ఇది చదవగానే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. సంక్రాంతి నెలలో వీధిలో నడుస్తూనే ఏ ముగ్గు ఎవరు వేశారో చెప్పేది. చుక్క చుట్టూ తిప్పేటప్పుడు ఎవరి వేళ్ల నుంచి పిండి ఎక్కువ జారుతుందో ఆమెకు తెలుసు.

ఒకసారి ఆ బొచ్చు వరకే ఫొటో తీసి అమ్మకు పంపాను. రాత్రి ఫోను చేసింది.

"చెయ్యి తిరిగినవాడేరా. పేరు నాకేం తెలుస్తుంది? ఇంకో బొమ్మ చూపించు, అదే చెయ్యో కాదో చెబుతాను."

మర్నాడు విరామంలో టిషియన్ 1510 ప్రాంతంలో వేసిన మరో బొమ్మ దగ్గరికి వెళ్లాను. బొంతలా కుట్టిన నీలి పట్టు చొక్కా చేతిని రాతిగట్టు మీద ఆనించిన మనిషి. ఆ చొక్కా చేతినే ఫొటో తీశాను. గట్టు మీదున్న 'టి', 'వి' అనే టిషియన్ పొడి అక్షరాలు మాత్రం అందులో పడకుండా చూసుకున్నాను.