స్కూల్ చూడ్డానికి వెళ్తే టీచర్లను అడగాల్సినవి

నేను లెక్కల టీచర్‌ని కాబట్టి, పిల్లల్ని ఏ స్కూల్లో చేర్చాలో చెప్పమని బంధువులు అడుగుతుంటారు. "ఎప్పటికప్పుడు కొత్తగా ఆలోచించే స్కూల్ కావాలి" అంటూ ఫోన్లో రోబోటిక్స్ ల్యాబ్ ఫొటో చూపిస్తారు. ల్యాబ్ ఉంటే మంచిదే. కానీ డబ్బు పెడితే ల్యాబ్ వస్తుంది, ఏటేటా పాఠం మెరుగుపడటం అలా రాదు.

నేను ముందు అడిగేది ఇదే: ఇక్కడ టీచర్లు ఒకరి క్లాసులో ఒకరు కూర్చుంటారా?

జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో దీనికో పద్ధతే ఉంది, 'జుగ్యో కెంక్యూ' అంటారు. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు. తర్వాత అందరూ మాట్లాడుకుని, పాఠంలో మార్పులు చేసి, చాలాసార్లు ఇంకో క్లాసులో మళ్లీ చెప్పి చూస్తారు. తీసివేతలు మొదలుపెట్టేటప్పుడు 12 లోంచి 7 ఇవ్వాలా, 13 లోంచి 9 ఇవ్వాలా అన్నది కూడా వాళ్లకు పెద్ద చర్చే. 13 లోంచి 9 అంటే కొందరు పిల్లలు పదిలోంచి 9 తీసేసి, మిగిలిన ఒకటికి 3 కలుపుతారు. ఇంకొందరు ముందు 3 తీసేసి, పదిలోంచి ఇంకో 6 తీస్తారు. ఏ లెక్క ఇస్తే పిల్లలు ఏ దారి పడతారో ముందే ఊహించి, క్లాసులో సరిచూసుకుంటారు. ఇన్నోవేషన్ అంటే నాకు ఇదే! ఇది తెలిసినప్పటి నుంచి బోర్డు మీద మొదటి లెక్క రాసే ముందు నేనూ ఆగి ఆలోచిస్తున్నాను.

ఇదంతా జరగాలంటే టీచర్లకు తీరిక ఉండాలి. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో పెట్టిన ల్యాబొరేటరీ స్కూల్లో టీచర్లు వారం వారం కూర్చుని చర్చించుకునేవాళ్లు. అందుకే టైమ్‌టేబుల్‌లో టీచర్లు కలిసి కూర్చోడానికి పీరియడ్ ఉందా అని అడగండి. రోజంతా క్లాసులు, సాయంత్రం పేపర్లు దిద్దడంతోనే సరిపోయే టీచర్ దగ్గర కొత్తదనం ఆశించడం అన్యాయం.

పోయినేడు ఏం మొదలుపెట్టి, ఏం ఆపేశారో కూడా అడగండి. "ఫలానాది పిల్లలకు ఎక్కలేదు, మానేశాం" అని ప్రిన్సిపాల్ నిదానంగా చెప్పగలిగితే ఆ స్కూల్ మీద నాకు గురి కుదురుతుంది. "అన్నీ సక్సెస్ అండీ" అంటే అనుమానిస్తాను.

వీలైతే నాలుగు నోటుపుస్తకాలు తిరగేయండి. అభిప్రాయం చెప్పమన్న ప్రశ్నకు కూడా క్లాసంతా అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు రాసి ఉంటే, ల్యాబ్ ఎంత గొప్పదైనా ఆ స్కూల్ వద్దనే చెబుతాను.