ఆకలి వేయని రోజుల్లో తినడం

బరువు తగ్గడానికి చేయించుకున్న శస్త్రచికిత్స అయిన నాలుగో రోజు మా అక్క పక్కన కూర్చుని "ఆకలిగా ఉందా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కడుపు నిండినట్టూ లేదు, ఖాళీగా ఉన్నట్టూ లేదు. అప్పటికి నాకు 43 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆకలి నన్ను ఒక్క పూట కూడా వదిలిపెట్టలేదు. ఒక భోజనం ముగిసీ ముగియకముందే తర్వాత ఏం తినాలా అన్న ఆలోచన మొదలయ్యేది. అలాంటిది ఆ మధ్యాహ్నం లోపలంతా మనుషులు ఖాళీ చేసి వెళ్లిన ఇల్లులా నిశ్శబ్దంగా ఉంది. సంతోషించాల్సింది పోయి, భయపడ్డాను.

మూడేళ్లు గడిచాయి. ఈ మూడేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ నిశ్శబ్దం చుట్టూనే తిరిగింది. అందుకే ఎన్ని కిలోలు తగ్గానన్న దానికన్నా దాని గురించే ఎక్కువ చెబుతాను.

నా ఎత్తు 162 సెంటీమీటర్లు, అప్పటి బరువు 118 కిలోలు. మధుమేహం ఉంది. రాత్రి పడుకుంటే ఆమ్లం గొంతులోకి ఎగదన్నేది. పొట్టలో సుమారు 80 శాతం తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ పద్ధతి ఒకటి ఉంది. అయితే దానివల్ల ఆమ్లం పైకి రావడం మరింత ఎక్కువయ్యే అవకాశం ఉందని చెప్పి, సర్జన్ నాకు పొట్టకు చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ సూచించారు. పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిలా వేరు చేసి, చిన్నపేగును నేరుగా దానికి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది కానీ ఆహారం అటు వెళ్లదు, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకదు. పేగుల నుంచి వెలువడే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరిగి ఆకలి తగ్గుతుంది. శస్త్రచికిత్సకు ముందు రెండు వారాలు చాలా తక్కువ కేలరీలతో ఉండమన్నారు. కాలేయం పొట్టను కప్పుకుని ఉంటుందట. అది కొంత కుంచించుకుంటేనే సర్జన్‌కు చోటు దొరుకుతుంది. ఆ రెండు వారాలూ ఓర్చుకున్నాను. ఆపరేషన్ గురించి చెప్పడానికి ఇంతకన్నా పెద్దగా ఏమీ లేదు, నేను నిద్రలోనే ఉన్నాను కదా.

తర్వాతి రోజులే అసలు పని. మొదట నీళ్లు, వడకట్టిన పలుచని ద్రవాలు. తర్వాత రెండు వారాలు చిక్కని ద్రవాలు. ఆపైన మెత్తగా నలిపినవి, తర్వాత మృదువైనవి. దాదాపు రెండు నెలలు నిండాక మామూలు ఆహారం. కాగితం మీద చదివితే ఇది మెట్లు ఎక్కినట్టు సాఫీగా కనిపిస్తుంది. నా రోజు మాత్రం గుక్కల లెక్కగా మారిపోయింది. మందు కొలిచే చిన్న కప్పులో నీళ్లు పోసుకుని, పావుగంట పట్టి అది ఖాళీ చేసేదాన్ని. ఆ తర్వాత మళ్లీ నింపుకునేదాన్ని. రోజుకు లీటరున్నర చేరాలి. సాయంత్రానికి నోట్‌బుక్‌లో గీతలు లెక్కపెడితే సగం కూడా దాటేది కాదు. తింటున్నప్పుడూ తిన్న తర్వాత అరగంట వరకూ నీళ్లు తాగకూడదన్న నియమం వచ్చాక కష్టం రెట్టింపయింది. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నన్ను ఏడిపించింది ఆకలి కాదు, దాహం. ఒక్కసారి గ్లాసెత్తి గటగటా తాగే మనిషిని చూస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఐదో వారంలో ఉడికించిన గుడ్డు తినవచ్చన్నారు. ఎంతో ఆశగా సగం గుడ్డు పళ్లెంలో పెట్టుకున్నాను. రెండు ముక్కలు బాగానే దిగాయి. మూడో ముక్క సరిగా నమలకుండా మింగేశాను. రొమ్ము ఎముక వెనక ఎవరో పిడికిలి బిగించినట్టయింది. నోటినిండా నురుగులాంటి ఉమ్మి ఊరుతోంది, మింగుదామంటే దిగే దారి లేదు. ముక్క కిందికి జారదు, పైకి రాదు. బేసిన్ ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆ తర్వాత చాలా వారాలు నాకు గుడ్డంటే వణుకు పుట్టేది.

ఆహార నిపుణురాలు నా మాట మొత్తం విని కోప్పడలేదు. "మీ పొట్ట ఇప్పుడు ఆహారాన్ని నూరి మెత్తగా చేయలేదు. ఆ పని కూడా పళ్లే చేయాలి" అన్నారు. చిన్న చెంచాతో తినమన్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టేయమన్నారు. నోట్లోది పూర్తిగా మెత్తబడే దాకా మళ్లీ దాన్ని ముట్టుకోవద్దన్నారు. ఇంకొక మాట కూడా చెప్పారు. "చాలు అనే కబురు ఇదివరకటిలా రాదు. ఎలా వస్తుందో మీరే కనిపెట్టాలి." కనిపెట్టాను. నాకు ముక్కు కారుతుంది. జలుబు లేకపోయినా ఉన్నట్టుండి ముక్కు తడి అయిందంటే సంచి నిండినట్టే. నాతోపాటు చేయించుకున్న ఒకామెకు ఎక్కిళ్లు వస్తాయి. ఆ కబురు వచ్చాక తినే ఒక్క చెంచా వల్ల గంటసేపు బాధ పడాల్సి వస్తుంది. నలభై ఏళ్లుగా పళ్లెం ఖాళీ చేయడమే పద్ధతి అనుకున్న దాన్ని, చివరి చెంచా వదిలేయడం నాకు ఆర్నెల్లకు గానీ అలవాటు కాలేదు.

ఆకలి వేయకపోవడం అదృష్టమని బయటివాళ్లు అనుకుంటారు. ఆకలి వేయకపోయినా శరీరానికి కావలసింది కావాల్సిందే. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ తీసుకోమన్నారు. తినాలన్న కోరిక లేకుండా, రుచి మారిపోయిన నోటితో, అరకప్పు కూడా పట్టని సంచిలోకి అంత ప్రోటీన్ పంపడం ఎలాగో ఆలోచించండి. ఇదివరకు ఇష్టంగా తాగిన ప్రోటీన్ పొడి తీపి వాసనకే వాంతి వచ్చేది. అందుకే గడియారం చూసి తినడం మొదలుపెట్టాను. ప్రోటీన్ ముందు, కూరగాయలు తర్వాత, చోటు మిగిలితేనే తక్కినవి. ఫోనులో అలారం మోగితే తినేదాన్ని, లేకపోతే మర్చిపోయేదాన్ని. భోజనం మర్చిపోవడం! ఆ మాట నా గురించి నేనే చెప్పుకోవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగో నెలలో జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన నిండా, దిండు మీద, స్నానాల గదిలో నీళ్లు పోయే చోట, అంతటా జుట్టే. పెద్ద శస్త్రచికిత్స, వేగంగా తగ్గే బరువు కలిసి జుట్టు కుదుళ్లను ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి నెడతాయట. ఆ జుట్టు రాలడం రెండుమూడు నెలల తర్వాత కనిపిస్తుంది. కుదుళ్లు చనిపోవు కాబట్టి తిరిగి వస్తుందని డాక్టర్ చెప్పారు, వచ్చింది కూడా. కానీ ఊడుతున్నన్నాళ్లూ ఆ మాట ఊరట ఇవ్వలేదు.

పండ్లరసం మంచిదే కదా అన్న నా నమ్మకం ఆరో నెలలో పోయింది. ఆఫీసులో ఎవరో గ్లాసుడు ద్రాక్షరసం ఇస్తే సగం తాగాను. పదిహేను నిమిషాలకు గుండె దడదడలాడింది, ఒళ్లంతా చెమట పట్టింది, కడుపు మెలిపెట్టింది. కుర్చీలో కూర్చోలేక నేల మీదే పడుకున్నాను. దీన్ని డంపింగ్ అంటారు. చక్కెర ఎక్కువగా ఉన్న ద్రవం చిన్న సంచి దాటి ఒక్క ఊపున పేగులోకి దూకితే, పేగు ఒంట్లోని నీటిని తనవైపు లాక్కుంటుంది. గంటన్నర తర్వాత రెండో విడత వచ్చింది. చేతులు వణికాయి, తల తేలిపోయింది. చక్కెరను అందుకోవడానికి ఇన్సులిన్ అవసరాన్ని మించి విడుదలై, రక్తంలో చక్కెర బాగా పడిపోయిందన్నమాట. ఆ రోజు నుంచి ఏ సీసా అయినా వెనక్కి తిప్పి చక్కెర ఎంతుందో చూడకుండా తాగలేదు.

ఇక అన్నిటికన్నా కష్టమైన సంగతి. ఏడో నెలలో ఒక సాయంత్రం ఆఫీసులో మాట పడి ఇంటికి వచ్చాను. చెప్పులు విప్పి నేరుగా వంటగదిలోకి నడిచి అల్మారా తలుపు తెరిచి నిలబడ్డాను. కాసేపటికి స్పృహ వచ్చింది. నాకు ఆకలి లేదు. నెలల తరబడి లేదు. మరి ఈ కాళ్లు నన్ను ఇక్కడికి ఎందుకు తెచ్చాయి? అన్నేళ్లూ నేను ఆకలి అని పిలిచిన దానిలో ఎన్ని కలిసి ఉన్నాయో అప్పుడు తెలిసింది. అలసట ఉంది, అవమానం ఉంది, ఎవరితోనూ మాట్లాడాలనిపించని ఒంటరితనం ఉంది. ఇదివరకు అవన్నీ తిండి కింద సర్దుకునేవి. ఇప్పుడు తిండికి చోటు లేదు, అవి మాత్రం పోలేదు. అల్మారా ముందు కూలబడి చాలాసేపు ఏడ్చాను. మర్నాడు మనస్తత్వ నిపుణురాలి దగ్గర సమయం తీసుకున్నాను. ఏడాది పాటు వెళ్లాను. శస్త్రచికిత్సకు ముందు ఇన్ని రక్తపరీక్షలు చేస్తారు, ఈ సంగతి కూడా అంతే గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం. 'దొడ్డిదారిన సన్నబడింది' అని నా వెనక అన్నవాళ్లకు ఆ సాయంత్రం గురించి తెలియదు.

శరీరం మారినంత వేగంగా మనసు మారదు. 30 కిలోలు తగ్గాక కూడా ఇరుకు వరుసల్లో పక్కకు తిరిగి నడిచేదాన్ని. చేతుల కుర్చీ కనిపిస్తే ముందు కళ్లతో వెడల్పు కొలిచేదాన్ని. బట్టల దుకాణంలో చేయి అలవాటుగా పాత కొలతల వైపే వెళ్లేది. ఒక ఉదయం స్నానం చేస్తుంటే రొమ్ముల మధ్య, పక్కటెముకలు కలిసే చోట, గట్టిగా ఏదో తగిలింది. గడ్డ అనుకున్నాను. ఆ రాత్రి నిద్రపోలేదు. డాక్టర్ తడిమి చూసి నవ్వు ముఖంతో చెప్పారు, అది రొమ్ము ఎముక చివరి కొస, అందరికీ ఉంటుంది. నా ఒంట్లోని ఎముకను నేను మొదటిసారి ముట్టుకున్నానని తెలిసి ఇంటికి వస్తూ దారంతా దాన్నే తడుముకున్నాను. గట్టి బల్ల మీద కూర్చుంటే వెన్ను చివర నొప్పి పుట్టేది. అందరూ ఉక్కపోత అంటుంటే నాకు చలి వేసేది.

చర్మం గురించి కూడా దాచను. ఏళ్ల తరబడి సాగిన చర్మం తిరిగి బిగుసుకోదు. పొట్ట కింద మడతలా వేలాడుతుంది, చెమటకు ఒరుసుకుని దద్దుర్లు వస్తాయి. స్నానం కాగానే ఆ మడతను పొడిగా తుడుచుకోవడం నా దినచర్యలో భాగం. బరువు నిలకడగా ఉన్నాక దాన్ని తీసివేసే శస్త్రచికిత్స ఉందన్నారు. ఇంకొక కోతకు నేను సిద్ధంగా లేను. వ్యాయామాల వల్ల చర్మం బిగుస్తుందని ఆశపెట్టే వాళ్ల మాటలు మాత్రం నమ్మకండి. కండ పెరుగుతుంది, అది మంచిదే. వేలాడే చర్మం అలాగే ఉంటుంది.

మరొకటి నొప్పించింది. ఇదివరకు పలకరించని వాళ్లు పలకరించడం మొదలుపెట్టారు. లిఫ్టులో తలుపు పట్టుకుని నిలబడ్డారు. నేను చెప్పే మాటను మధ్యలో ఆపకుండా విన్నారు. 118 కిలోల మనిషి కూడా ఇవే మాటలు చెప్పింది. ఆమె తరఫున నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఏడాదిన్నరకు బరువు 78 కిలోల దగ్గర ఆగింది. మధుమేహం మాత్రలు మొదటి నెలల్లోనే ఆపేశారు. అది మళ్లీ రావచ్చు కాబట్టి పరీక్షలు మాత్రం ఆపలేదు. ఇప్పుడు 82 కిలోలు. ఆ నాలుగు కిలోలు ఎక్కినప్పుడు ఓడిపోయానని కుంగిపోయాను. రెండేళ్ల తర్వాత కొంత బరువు తిరిగి రావడం చాలామందిలో జరిగేదే అని సర్జన్ చెప్పారు.

మాత్రల విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. ఐరన్ ప్రధానంగా చిన్నపేగు మొదటి భాగంలోనే ఒంటికి పడుతుంది. నా ఆహారం ఆ భాగాన్ని దాటేసి వెళ్తుంది. కాబట్టి మాత్ర జీవితాంతం తప్పదు. బీ12, కాల్షియం సిట్రేట్, విటమిన్ డీ కూడా అంతే. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. మూడో ఏడాది ఒంట్లో బాగుంది కదా అని ఐరన్ కొన్ని నెలలు మానేశాను. మెట్లెక్కితే ఆయాసం, పనిలో ఏకాగ్రత లేదు. పరీక్ష చేస్తే ఐరన్ నిల్వ అడుగంటింది. నరం ద్వారా ఎక్కించాల్సి వచ్చింది. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే సంచికీ పేగుకూ అతుకు వేసిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ సంగతే చెబుతాను.

గత నెలలో ఒక రోజు ప్రయాణంలో ఆలస్యమైంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా కడుపులో చిన్నగా, చాలా రోజుల తర్వాత, ఒక లాగుడు. మొదట గుర్తుపట్టలేదు. కోపంగా ఉన్నానా అని చూసుకున్నాను, లేను. అలిసిపోయానా, లేదు. ఎవరైనా ఏమైనా అన్నారా, లేదు. మెల్లగా అర్థమైంది, ఇది ఆకలి. రావలసిన చోటు నుంచే వచ్చిన ఆకలి. కాసేపు భయంతో బిగుసుకుపోయాను. తర్వాత చేతిసంచిలోంచి డబ్బా తీశాను. ఉడికించిన గుడ్డు ఉంది. చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ఒక్కొక్కటీ మెత్తబడే దాకా నమిలి తిన్నాను. తొమ్మిదో ముక్క దగ్గర ముక్కు తడి అయింది. మిగిలిన ముక్కలతో డబ్బా మూత పెట్టేశాను. నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, అరగంట అయ్యే దాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.