చివరి తలుపు దగ్గర అవ్వ

మాది నారాయణపేట వైపు పల్లె. వానకాలం పంట ఇంటికి చేరిందంటే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడేవి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లంతా మూటలు కట్టుకొని ముంబయి బస్సెక్కేవాళ్లు. నాయన, అమ్మ కూడా అట్లే పోయేవాళ్లు. ఇంట్లో నేను, చెల్లె, అవ్వ మిగిలేవాళ్లం. అప్పు వసూలుకు సేటు వచ్చినా, ఓటర్ల లిస్టు రాసుకోను సారు వచ్చినా ముందు నాయనను అడిగేవాళ్లు. లేడు. అమ్మను అడిగేవాళ్లు. లేదు. కాకను అడిగితే ఆయన పుణెలో. ఆఖరికి అవ్వ కొంగు సర్దుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి, "ఏంది బిడ్డా, ఏం కావాలె?" అనేది. ఆమెకు అన్ని సంగతులూ తెలియవు. అయినా గడప దాకా వచ్చిన మనిషిని ఉత్తగా పంపిన రోజు లేదు.

మస్కట్‌లో కూర్చొని వర్డ్‌ప్రెస్ థీమ్ తయారు చేయడం నేర్చుకుంటున్నప్పుడు నాకు ఈ అవ్వే అక్కరకొచ్చింది. వర్డ్‌ప్రెస్ అంటే వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్, థీమ్ అంటే ఆ సైట్ ఎట్లా కనబడాలో చెప్పే ఫైళ్ల మూట. అవ్వ ఎట్లా అక్కరకొచ్చిందో చెప్తా.

నేను ఒమన్ వచ్చింది 2014లో. బీకాం చదువు, మస్కట్‌లోని రూవీలో ఇళ్ల సామాన్లు అమ్మే కంపెనీలో లెక్కలు రాసే పని. రూములో ఆరుగురం. జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి వాళ్లే అందరూ. "మీ పాలమూరోళ్లు బొంబాయి పోతరు గద, నువ్వెట్ల ఇటొచ్చినవ్?" అని మొదటి రోజే ఒకన్న అడిగాడు. నిజమే, గల్ఫ్ దారి ఉత్తర తెలంగాణకు అలవాటైనంతగా మాకు అలవాటు లేదు.

కంపెనీకి ఒక వెబ్‌సైట్ ఉండేది. ఎవరో కొనుక్కొచ్చిన థీమ్ పెట్టి, డబ్బులు తీసుకొని పోయారు. నల్లాలు, టైల్స్ ఫొటోలు ఎక్కించే పని నా మీద పడింది. 2016లో ఒక గురువారం సాయంత్రం అర్బాబ్, అంటే మా యజమాని, ఫోన్ నంబర్ పేజీ పైకి రావాలన్నాడు. నేను సైటును నడిపే డాష్‌బోర్డ్‌లోనే థీమ్ ఎడిటర్ తెరిచి, ఫంక్షన్స్.పీహెచ్‌పీ అనే ఫైల్లో ఎక్కడో చూసిన నాలుగు వరుసల కోడ్ అతికించి సేవ్ కొట్టాను. ఒక సెమీకోలన్ తప్పిపోయింది. సైటంతా తెల్లగా అయిపోయింది. లాగిన్ పేజీ కూడా రాదు. రాత్రి 11 దాకా ఆఫీసులోనే ఉండి, హోస్టింగ్ వాళ్ల ఫైల్ మేనేజర్ లోంచి ఆ నాలుగు వరుసలు తీసేస్తే గాని నా ప్రాణం కుదుటపడలేదు. ఇప్పటి వర్డ్‌ప్రెస్ ఇట్లాంటి తప్పును ముందే పట్టుకొని ఆపుతుంది. అప్పుడా సదుపాయం లేదు.

నెల తర్వాత ఇంకో దెబ్బ. ఫోన్ నంబర్ మళ్లీ జాగ్రత్తగా పెట్టిన తర్వాత థీమ్‌కు అప్‌డేట్ వచ్చింది. అప్‌డేట్ నొక్కగానే నేను మార్చినవన్నీ పోయాయి. ఇంకొకరి థీమ్ ఫైళ్లను నేరుగా మార్చకూడదని, చైల్డ్ థీమ్ చేసుకొని మన మార్పులు అందులో ఉంచుకోవాలని అప్పుడు తెలిసింది. ఎవరో కట్టినదానికి అతుకులు వేసుకుంటూ పోతే నాకు పని ఎప్పటికీ రాదని కూడా ఆ రోజే గట్టిగా అనిపించింది.

70 రియాల్స్ పెట్టి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను. దాంట్లో ఎక్సాంప్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకొని, ఇంటర్నెట్ లేకున్నా సైట్ నడిచేటట్టు చేసుకున్నాను. అప్పట్లో వర్డ్‌ప్రెస్‌తో పాటు వచ్చే ట్వంటీ సిక్స్‌టీన్ థీమ్ ఫైళ్లను ఒక్కొక్కటి తెరిచి చదివేవాణ్ణి. అందరూ పండుకున్నాక, పై బంకు మీద, వెలుతురు ఎవరి కంట్లో పడకుండా దుప్పటి కప్పుకొని. వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉచితం, కోడ్ అంతా ఎవరైనా చదువుకోవచ్చు. ఫీజు కట్టే స్తోమత లేని నాకు అదే బడి.

థీమ్ అనిపించుకోవడానికి రెండు ఫైళ్లు చాలు. స్టైల్.సీఎస్ఎస్ పైన ఒక కామెంట్‌లో థీమ్ పేరు, పక్కన ఇండెక్స్.పీహెచ్‌పీ. ఈ రెండూ ఒక ఫోల్డర్‌లో పెడితే డాష్‌బోర్డ్ దాన్ని థీమ్‌గా గుర్తిస్తుంది. తెల్ల కాగితం లాంటి ఆ పేజీ మీద నా పోస్ట్ శీర్షిక మొదటిసారి కనబడ్డ రాత్రి ఎంత సంతోషమైందో చెప్పలేను.

తర్వాత టెంప్లేట్ హైరార్కీ, అంటే ఏ పేజీకి ఏ ఫైల్ వాడాలో వెతికే వరుస, దగ్గర ఆగిపోయాను. ఎవరైనా 'మా గురించి' అనే పేజీ అడిగితే వర్డ్‌ప్రెస్ ముందు ఆ పేజీ పేరుతోనే ఉన్న ఫైల్ కోసం చూస్తుంది. లేకుంటే ఆ పేజీ నంబర్‌తో ఉన్నది. అదీ లేకుంటే పేజ్.పీహెచ్‌పీ, తర్వాత సింగ్యులర్.పీహెచ్‌పీ. ఏదీ లేకుంటే ఇండెక్స్.పీహెచ్‌పీ. బొమ్మ గీసిన చార్టు ఎన్నిసార్లు చూసినా తలకెక్కలేదు. ఒక శుక్రవారం ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ ఎత్తింది. "మీ నాయన పొలం కాడికి పోయిండు, అమ్మ సంతకు పోయింది, నాకు చెప్పు బిడ్డా" అంది. ఫోన్ పెట్టేశాక చార్టు మొత్తం అర్థమైంది. నాయన, అమ్మ, కాక, ఆఖరికి అవ్వ. ఇండెక్స్.పీహెచ్‌పీ లేకుండా అప్పట్లో థీమే లేదు. వచ్చినవాడికి ఏదో ఒక జవాబు చెప్పడానికి ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉండాలి గదా.

ఆ తర్వాత రెండు రాత్రులు 32 పిక్సెళ్ల కోసం పోయాయి. నా థీమ్‌లో పేజీ పైన సన్నటి ఖాళీ పట్టీ వస్తోంది. మార్జిన్లన్నీ సున్నా చేసినా పోదు. విచిత్రం ఏమంటే లాగిన్ కాని బ్రౌజర్‌లో చూస్తే ఆ ఖాళీ ఉండదు. పేజీని విప్పి చూస్తే, పైన 32 పిక్సెళ్లు వదలమని నేను రాయని ఆజ్ఞ ఒకటి ఉంది. లాగిన్ అయినవాళ్లకు పైన కనబడే నల్లపట్టీ కోసం వర్డ్‌ప్రెస్ వదిలిన చోటు అది. చోటు వదలడం థీమ్‌లో పేజీ మొదట రాసే డబ్ల్యూపీ_హెడ్ అనే వరుస పని. పట్టీ తెచ్చి పెట్టడం అప్పట్లో పేజీ చివర రాసే డబ్ల్యూపీ_ఫుటర్ పని. నేను మొదటిది రాసి రెండోది మరిచాను. చుట్టానికి పీట వేశాను, తలుపు మాత్రం తీయలేదు. ఫుటర్‌లో ఆ ఒక్క వరుస చేర్చగానే నల్లపట్టీ వచ్చి తన చోట కూర్చుంది. థీమ్ అంటే రంగులు, అందాలు అనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ సంగతే. కోర్, అంటే అసలు వర్డ్‌ప్రెస్, వచ్చి నిలబడడానికి, అదనపు పనులు చేసే ప్లగిన్లు వచ్చి తమ సామాను దించుకోవడానికి చోటు విడిచిపెట్టాలి. రంగులు తర్వాత వేసుకోవచ్చు.

అరబిక్ పేజీ అసలైన పరీక్ష. ఆర్‌టీఎల్.సీఎస్ఎస్ అని ఫైల్ పెడితే కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు వర్డ్‌ప్రెస్ దాన్ని తనంతట తానే తీసుకుంటుంది. ఎడమ మార్జిన్లు కుడికి, కుడివి ఎడమకు మార్చి, అయిపోయిందనుకున్నాను. మా డ్రైవర్ ఒమానీ, హిందీ బాగా వచ్చు. పేజీ చూసి, "భాయ్, ఈ నంబర్‌కు ఎవడు ఫోన్ చేస్తాడు?" అన్నాడు. ప్లస్ గుర్తు పోయి కుడి చివర కూర్చుంది. ఖాళీలిచ్చి రాసిన అంకెల గుంపులు వెనకా ముందూ అయ్యాయి. ముందు రావాల్సిన ఒమన్ కోడ్ 968 చివర ఉంది. నంబర్ వరకు ఎడమ నుంచి కుడికే చదవాలని విడిగా చెప్తే సరిపోయింది. ధరలదీ ఇంకో గొడవ. ఒమానీ రియాల్‌కు 1000 బైసాలు, అంటే దశాంశం తర్వాత మూడు అంకెలు ఉండాలి. సైట్‌లో సామాన్లు అమ్మడానికి పెట్టే వూకామర్స్ అనే ప్లగిన్ మామూలుగా రెండే చూపిస్తుంది. 0.125 రియాల్ వాషర్ 0.13 అయి కూర్చుంటే లెక్కలు రాసేవాడిగా నాకు నిద్ర పడుతుందా? సెట్టింగ్‌లో ఒక్క అంకె మార్చితే అయిపోయే పని అది. కాని చూసే కన్ను ఉండాలి.

సైట్ మొత్తం నా థీమ్ మీదికి మారిన వారం నాయనకు వీడియో కాల్‌లో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "నువ్వు ఒచ్చేస్తే దీన్ని ఎవరు చూస్తరు?" అని అడిగాడు. ముంబయిలో ఎన్ని స్లాబులు పోశాడో ఆయనకే లెక్క లేదు. పని అయినంక మళ్లీ ఆ మెట్లెక్కింది లేదు. ఆ మాట నన్ను పట్టుకుంది. రెండేళ్ల వీసా మీద ఉన్నవాడు కట్టేది ఏదైనా తాను లేకున్నా నడవాలి. అప్పటి నుంచి ప్రతి ఫైల్ పైన అది ఏం చేస్తుందో, ఎందుకు అట్లా రాశానో కామెంట్ రాస్తున్నాను. పొడుగు పేర్లు, ఫొటో లేని సామాను, ఖాళీ పేజీ, అన్నీ ముందే పెట్టి చూస్తున్నాను.

2022 జనవరిలో వర్డ్‌ప్రెస్ 5.9 వచ్చి బ్లాక్ థీమ్‌లు మొదలయ్యాయి. టెంప్లేట్లు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లయ్యాయి, రంగులూ అక్షరాల కొలతలూ థీమ్.జేసన్ అనే ఒక్క ఫైల్ లోకి పోయాయి. చాలా మంది నేర్చుకున్నదంతా దండగైందని బాధపడ్డారు. నాకట్లా అనిపించలేదు. ఫైళ్లు వెతికే వరుస అదే. ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అని పేరు మారింది గాని, అవ్వ కూర్చున్న చోటు మారలేదు.

మా అవ్వ మాత్రం ఆ ముందు సంవత్సరమే పోయింది. నేను మట్టికి అందలేదు.

2023లో సెలవు మీద పోయినప్పుడు పెద్దనాయన కొడుకు, మా అన్న, చీరల దుకాణానికి సైట్ అడిగాడు. గళ్ల చీర, గుడి గోపురాల అంచు. మా నారాయణపేట చీరను పుణె నుంచి వచ్చి కొనుక్కుపోతారు. సైట్ తెలుగులోనే ఉండాలన్నాను. పెట్టగానే వత్తులు తెగిపోయాయి. ఇంగ్లిష్ కోసం పెట్టే 1.2 వరుస ఎత్తులో 'లక్ష్మి' అన్న పేరు కింద మకారం వత్తు సగమే కనిపిస్తోంది. ఎత్తు 1.7 చేసి, అక్షరాల మధ్య ఎడం పెంచే వరుసను పూర్తిగా తీసేశాను. తెలుగులో ఆ ఎడం పెంచితే మాట చెదిరినట్టు ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి అనే ఫాంట్లు రెండూ పెట్టి చూసి, వదినను అడిగితే మండలి ఉంచమంది.

అమ్ముడుపోయిన చీర పేజీ తీసేస్తే పాత లింకు నొక్కినవాళ్లకు 404 వస్తుంది. 'పేజీ దొరకలేదు' అని రాయబుద్ధి కాలేదు. వేరే మాట రాసి, కింద అన్న ఫోన్ నంబర్ పెట్టి మస్కట్ వచ్చేశాను.

నెల తర్వాత వదిన ఫోన్ చేసింది. కొత్త చీర తానే ఎక్కించిందట. మూడు వరుసల పొడుగు పేరు పెట్టింది, పేజీలో చీర డబ్బా చెదరలేదు. "అది సరే తమ్మీ, తీసేసిన చీర లింకు నొక్కి చూసిన," అంది. "'ఏంది బిడ్డా, ఏం కావాలె?' అని వస్తుంది గద. అవ్వ పిలిచినట్టే ఉంది."