తిరగబెట్టిన నొప్పి, ఓక్ చుక్కలు

నడుము నొప్పి ఏడో వారంలో తిరగబెట్టింది. అప్పటికి అరగంట ఆగకుండా నడుస్తున్నాను, నొప్పి మాత్రలు మానేసి పది రోజులైంది, ఇక గండం గడిచినట్టే అనుకున్నాను. కింద పెట్టిన సంచీ తీద్దామని వంగాను, అంతే. నడుము పట్టేసి, పిర్ర మీంచి పిక్క దాకా కరెంటు షాక్ కొట్టినట్టు సర్రున దిగింది. గోడ పట్టుకుని అలాగే ఉండిపోయాను. కూర్చోలేను, అడుగు వెయ్యలేను.

నా జబ్బు సయాటికా. వెన్నులో ఎల్4, ఎల్5 పూసల మధ్య డిస్క్ ఎడమవైపుకి ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఎం.ఆర్.ఐ.లో తేలింది. దగ్గితే నొప్పి, తుమ్మితే నొప్పి, కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే ఇక లేవడం నరకం. ఎడమ కాలి బొటనవేలు ఎంత మొద్దుబారిందంటే, నడుస్తుంటే చెప్పు జారిపోయి రెండడుగులు వెనకే ఉండిపోయినా నాకు తెలిసేది కాదు. ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో సర్దుకుంటుంది అన్నారు డాక్టర్. అయితే మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా క్షణం ఆగకుండా రమ్మన్నారు. ఇదే బాధలో ఉన్నవాళ్లు ఈ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి.

తిరగబెట్టాక నేను ఏడవలేదు, డీలా పడలేదు, ఎవరి మీదా విసుక్కోలేదు. ఏం చేశానంటే, ఫిజియోథెరపిస్ట్ రోజుకి రెండుసార్లు చెయ్యమన్న వ్యాయామాలు నాలుగుసార్లు చెయ్యడం మొదలుపెట్టాను. పళ్లు బిగబట్టి నడిచాను. ఎలా ఉందిరా అని ఎవరడిగినా, పర్లేదు తగ్గిపోతుంది అన్నాను. పది రోజులకి నొప్పి ఇంకా పెరిగింది.

మా అక్క చాలా ఏళ్లుగా బాచ్ పూల మందులు (పూల నుంచి చేసి, చుక్కలుగా వేసుకునేవి) వాడుతుంది. అంతకుముందు వాటి గురించి నేను పెద్దగా పట్టించుకున్నది లేదు. ఈసారి మాత్రం నేనే అడిగాను. కోలుకుంటూ ఉండగా ఎదురుదెబ్బ తగిలి నీరసపడేవాళ్లకి ఆ మందుల్లో జెన్షియన్ అనేది ఇస్తారని ఎక్కడో చదివాను, అది ఇవ్వమన్నాను. అక్క ఇవ్వలేదు. "నువ్వు నీరసపడ్డావా? నేనైతే చూళ్లేదు. పడ్డాక నువ్వేం చేస్తావో అది చెప్పు" అంది. చెప్పాను, పైన రాసిందంతా. విని, "నీది ఓక్ రా" అంది.

ఈ పద్ధతి కనిపెట్టిన ఎడ్వర్డ్ బాచ్ ఇంగ్లాండులో డాక్టరు, బాక్టీరియాలజీ చదివినవాడు. 1917లో ఆయనకే పెద్ద ఆపరేషన్ జరిగి, ఇంకో మూడు నెలలే అన్నారట, ఆయన 1936 దాకా ఉన్నారు. మొత్తం 38 మందులు, అందులో ఒకటి అసలు పువ్వే కాదు, రాతి ఊటనీరు. జబ్బు పేరుని బట్టి కాదు, ఆ మనిషి స్వభావాన్ని, అప్పటి మనసుని బట్టి మందు ఎంచుతారు. ఒకే ఎదురుదెబ్బకి నలుగురు నాలుగు రకాలుగా ఉంటారు కదా. అనుమానం మొదలై నీరుగారిపోతే జెన్షియన్, ఇక లాభం లేదని పూర్తిగా చేతులెత్తేస్తే గోర్స్, నాకే ఎందుకిలా అని లోపల కుమిలిపోతే విల్లో, బాధని నవ్వు వెనక దాచేస్తే అగ్రిమొని, ఇంకా ఎన్నాళ్లు అని చిరాకుపడితే ఇంపేషెన్స్. ఒంట్లో సత్తువ లేకపోయినా ఆగడం తెలియక లాక్కుంటూ పోయేవాళ్లకి ఓక్.

నన్ను పట్టేసిన విషయం ఇంకొకటి. బాచ్ ఈ 38నీ ఏడు గుంపులుగా విడదీశారు. అన్ని ఆశలూ వదిలేసినవాళ్ల గోర్స్‌ని అనిశ్చితి గుంపులో పెట్టారు. మొండిగా పోరాడే ఓక్‌ని తీసుకెళ్లి నిరాశ, నిస్పృహల గుంపులో పెట్టారు! తిరగమరగా పెట్టారేమో అనిపించింది మొదట. ఆ రాత్రి వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని, చాలాసేపు ఇదే ఆలోచించాను. నేను ఆగకపోవడం ధైర్యమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆగితే భయం పట్టుకుంటుందని ఆగట్లేదు నేను. మళ్లీ మామూలుగా నడుస్తానో లేదో అన్న భయం. ఆ మాట పైకి అనుకున్నది అదే మొదటిసారి.

అక్క 30 మి.లీ. సీసాలో నీళ్లు పోసి, ఓక్ రెండు చుక్కలు, బాగా అలిసిపోయి ఉన్నానని ఆలివ్ రెండు చుక్కలు కలిపి ఇచ్చింది. నాలుగు చుక్కలు, రోజుకి నాలుగుసార్లు. నాలుక ఎత్తి, డ్రాపర్ తగలకుండా, ఒకటి... రెండు... మూడు... నాలుగు అని లెక్కపెట్టాలి. కొద్దిగా బ్రాందీ వాసన తప్ప రుచంటూ ఏమీ లేదు (అసలు మందుని బ్రాందీలోనే నిలవ చేస్తారు, మద్యం పడనివాళ్లు, మానేసినవాళ్లు ఇది చూసుకోవాలి). ఆ నాలుగు చుక్కలు వేసుకోవడానికి చేస్తున్న పని ఆపి నిలబడాల్సి వచ్చేది. అలా రోజుకి నాలుగుసార్లు ఆగాను. ఆగినప్పుడల్లా, ఇప్పుడు నొప్పి ఎంతుంది, నిజంగా చెప్పు, అని నన్ను నేను అడిగాను.

మూడో రోజు ఫిజియోథెరపిస్ట్‌కి ఫోన్ చేసి నాలుగుసార్లు చేస్తున్న సంగతి ఒప్పుకున్నాను. వాళ్లు తిట్టలేదు. సగానికి సగం తగ్గించి, నొప్పి కాల్లోకి దిగితే అక్కడితో ఆపెయ్యమన్నారు. డాక్టర్ కొన్నాళ్లు మళ్లీ మాత్రలు రాశారు, వేసుకున్నాను.

డిస్క్‌ని నయం చేసింది పూల మందని నేను అనను. ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన పరీక్షలను కలిపి చూసినప్పుడు వీటికి అంతకు మించిన ప్రభావం కనిపించలేదు, అది తెలిసే వాడాను. నాకు పనికొచ్చింది అక్క అడిగిన ప్రశ్న. జెన్షియన్ ఇచ్చేసి ఊరుకుంటే, ఇంకాస్త పట్టుదలగా నా నడుముని నేనే విరగ్గొట్టుకునేవాణ్ణేమో. మందు మీద నమ్మకంతో డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తే ఇంకా ప్రమాదం, అది మాత్రం ఎవరూ చెయ్యొద్దు.

పద్నాలుగో వారానికి కాల్లో నొప్పి పోయింది. బొటనవేలు ఇంకా ఆలస్యం చేసింది. ఒకరోజు పొద్దున వ్యాయామానికి చాప పరిచి నిలబడితే, కాలి కింద చాప గరుకు తెలిసింది. కదలకుండా అక్కడే కాసేపు నిలబడ్డాను. తర్వాత అక్కకి ఫోన్ చేశాను, అది ఎత్తగానే మొదటిసారి ఏడ్చాను.