సైటోస్కెలిటన్, సెల్ మైగ్రేషన్: పార్ట్ సి కోసం ఎలా చదవాలి

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షకి చదివేవాళ్లు చాలామంది సైటోస్కెలిటన్‌ని (సెల్‌కి ఆకారం, కదలిక ఇచ్చే ప్రొటీన్ పోగుల్ని) యూనిట్ 2లో ఒకసారి, మైక్రోస్కోపీని యూనిట్ 13లో ఎప్పుడో చివర్లో చదువుతారు. పార్ట్ సిలో వచ్చే 4 మార్కుల ప్రశ్న మాత్రం రెండింటినీ కలిపే అడుగుతుంది: ఫలానా డ్రగ్ వేశారు, ఫలానా చోట బ్లీచ్ చేశారు (లేజర్‌తో ఫ్లోరెసెన్స్ ఆర్పేశారు), ఇప్పుడేం కనిపిస్తుంది? అందుకే ఈ రెండూ ఒకే వారంలో, ఒకే నోట్‌బుక్‌లో చదవండి. ప్రతి ప్రొటీన్ పేరు పక్కన "ఇది లేకపోతే మైక్రోస్కోప్ కింద ఏం మారుతుంది" అని ఒక్క లైను రాసుకోండి.

పోగుల మందం చూస్తే ఆక్టిన్ 7, ఇంటర్మీడియట్ ఫిలమెంట్ 10, మైక్రోట్యూబ్యూల్ 25 నానోమీటర్లు. ఇవి పార్ట్ బి సరుకు, ఒక పూటలో అయిపోతాయి. అసలు టైమ్ పెట్టాల్సింది క్రిటికల్ కాన్‌సన్‌ట్రేషన్ మీద, అంటే ఫిలమెంట్ కొస పెరగకుండా, తరగకుండా ఉండే మోనోమర్ (విడి ఆక్టిన్ యూనిట్) గాఢత మీద. ఏటీపీ-ఆక్టిన్‌కి ప్లస్ ఎండ్ (వేగంగా పెరిగే కొస) దగ్గర ఆన్ రేటు (మోనోమర్ చేరే రేటు) మైక్రోమోలార్‌కి, సెకనుకి సుమారు 11.6, ఆఫ్ రేటు (ఊడిపోయే రేటు) సెకనుకి 1.4. ఆఫ్‌ని ఆన్‌తో భాగిస్తే 0.12 మైక్రోమోలార్. మైనస్ ఎండ్ దగ్గర 1.3, 0.8, అంటే సుమారు 0.6. మోనోమర్ గాఢత ఈ రెండింటి మధ్య ఉంటే ప్లస్ ఎండ్ పెరుగుతుంది, మైనస్ ఎండ్ తరుగుతుంది. ట్రెడ్‌మిల్లింగ్ అంటే అదే. దీన్ని బట్టీ పట్టొద్దు, రెండుసార్లు చేత్తో లెక్క వేయండి. అప్పుడు సైటోకలాసిన్ అనే డ్రగ్ మీద ప్రశ్న దానంతటదే తేలిపోతుంది: అది ప్లస్ ఎండ్‌ని మూసేస్తుంది, ఇక మిగిలింది మైనస్ ఎండే కాబట్టి స్థిమితపడ్డాక మోనోమర్ గాఢత 0.6 వైపు పెరుగుతుంది. లాట్రంక్యులిన్ అనే డ్రగ్ దారి వేరు, అది మోనోమర్‌నే పట్టేసుకుంటుంది.

ఎక్కువ మంది తడబడేది రెట్రోగ్రేడ్ ఫ్లో దగ్గర. లామెల్లిపోడియం (పాకే సెల్ ముందుండే పల్చటి రేకు) అంచున ఆక్టిన్ పెరుగుతూ మెంబ్రేన్‌ని ముందుకి తోస్తుంది. అదే సమయంలో మెంబ్రేన్ ఎదురు ఒత్తిడి, వెనక మయోసిన్ 2 అనే మోటార్ ప్రొటీన్ లాగుడు కలిసి ఆ ఆక్టిన్ వలని వెనక్కి జరుపుతాయి. అంచు ముందుకి కదిలే వేగం అంటే పాలిమరైజేషన్ వేగంలోంచి ఈ ఫ్లో వేగం తీసేయగా మిగిలినది. ఉదాహరణకి పాలిమరైజేషన్ నిమిషానికి 6 మైక్రాన్లు, ఫ్లో 5 అనుకోండి, అంచు కదిలేది 1 మైక్రానే. ఇంటెగ్రిన్, టాలిన్, విన్‌క్యులిన్ అనే అతుకు ప్రొటీన్లు కలిసి ఆక్టిన్‌ని కింది సబ్‌స్ట్రేట్‌కి బిగించి ఫ్లోని 2కి తగ్గిస్తే, పాలిమరైజేషన్ ఏమాత్రం పెరగకపోయినా అంచు 4 కదులుతుంది. క్లచ్ మోడల్ మొత్తం ఈ తీసివేతలోనే ఉంది.

దీన్ని చూసే పద్ధతి ఫోటోబ్లీచింగ్. ఫ్లోరెసెంట్ ఆక్టిన్ ఉన్న లామెల్లిపోడియంలో ఒక గీత బ్లీచ్ చేస్తారు. ఫైబ్రోబ్లాస్ట్‌లో ఆ గీత సెల్ లోపలి వైపు జరుగుతుంది. వేగంగా పాకే చేప కెరటోసైట్‌లో గీత గ్లాస్ మీద దాదాపు ఉన్నచోటే ఉంటుంది, సెల్ దాని మీదుగా ముందుకి వెళ్లిపోతుంది. ఆప్షన్లలో "గీత అంచుతో పాటు ముందుకి కదులుతుంది" అని ఉంటే వెంటనే కొట్టేయండి. స్పెకిల్ మైక్రోస్కోపీ వెనక తర్కమూ ఇలాంటిదే: ఆక్టిన్ అంతటికీ లేబుల్ వేస్తే వల అంతా ఒకేలా వెలిగి కదలిక తెలియదు. ఒక శాతం కంటే తక్కువ లేబుల్ వేస్తేనే చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, వాటిని వెంబడించొచ్చు.

ఆక్టిన్‌కి స్విచ్‌ల్లా పనిచేసే రో ఫ్యామిలీ ప్రొటీన్లలో రాక్ (Rac) అంటే లామెల్లిపోడియం, సీడీసీ42 అంటే ఫిలోపోడియం (వేలులాంటి సన్నటి పొడుపు), రోఏ అంటే స్ట్రెస్ ఫైబర్లు (సంకోచించే ఆక్టిన్ కట్టలు). ఇంతవరకు అందరికీ వచ్చు. ప్రశ్న కదిలేది ఒక మెట్టు కింద. రాక్ నుంచి వేవ్ ప్రొటీన్‌కి, అక్కడి నుంచి ఆర్ప్2/3కి, అది ఆక్టిన్ మీద వేసే 70 డిగ్రీల కొమ్మకి. రోఏ నుంచి ఒక దారి ఫార్మిన్‌కి (కొమ్మల్లేని ఆక్టిన్ పోగుల్ని పెంచే ప్రొటీన్), ఇంకో దారి రో-కైనేజ్‌కి. రో-కైనేజ్‌ని వై-27632 అనే డ్రగ్‌తో ఆపితే చాలా రకాల సెల్స్‌లో తోక వెనక నుంచి ఊడిరాక పొడుగ్గా సాగిపోతుంది. నోకోడజోల్ అనే డ్రగ్ మరీ మంచి ప్రశ్న. కరిగేది మైక్రోట్యూబ్యూల్, పెరిగేది మాత్రం స్ట్రెస్ ఫైబర్లు. ఎందుకంటే మైక్రోట్యూబ్యూల్‌కి అతుక్కుని ఉన్న జీఈఎఫ్-హెచ్1 విడుదలై రోఏని యాక్టివేట్ చేస్తుంది.

ఇమేజింగ్‌లో టర్ఫ్‌కి (TIRF, కవర్‌స్లిప్‌ని ఆనుకున్న పల్చటి పొరని మాత్రమే వెలిగించే మైక్రోస్కోపీ) తప్పనిసరిగా ఒక సాయంత్రం కేటాయించండి. వక్రీభవన గుణకం గ్లాస్‌కి 1.52, నీటికి 1.33, కాబట్టి క్రిటికల్ యాంగిల్ సుమారు 61 డిగ్రీలు. వెలుగు అందేది కవర్‌స్లిప్ నుంచి 100-200 నానోమీటర్ల వరకే. ఫోకల్ అడ్హిషన్లకి (సెల్ కింద అతుక్కునే చోట్లకి) ఇది సరిగ్గా సరిపోతుంది, సెల్ పైభాగంలోని రఫుల్స్‌కి (మెంబ్రేన్ ముడతలకి) పనికిరాదు. అక్కడ కాన్‌ఫోకల్ కావాలి.

ల్యాబ్‌లో చెయ్యి పెట్టనివాళ్లు ఓడిపోయేది ఫిక్సేషన్ ప్రశ్నల్లో. ఆక్టిన్ ఫిలమెంట్‌కి అంటుకునే ఫాలాయిడిన్ బతికున్న సెల్ లోపలికి సరిగా వెళ్లదు. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 10-15 నిమిషాలు ఫిక్స్ చేసి, 0.1 శాతం ట్రైటాన్ డిటర్జెంట్‌తో మెంబ్రేన్‌కి దారి చేశాకే వేయాలి. మెథనాల్ వాడితే ఆక్టిన్ ఆకృతి చెడి ఫాలాయిడిన్ అంటుకోదు. అదే మెథనాల్ ట్యూబ్యులిన్ యాంటీబాడీకి చక్కగా పనిచేస్తుంది. బతికున్న సెల్‌లో చూడాలంటే 17 అమైనో ఆమ్లాల లైఫ్‌యాక్ట్ లాంటి ప్రోబ్ కావాలి, అదీ మోతాదు మించితే ఆక్టిన్ తీరే మారిపోతుంది. మయోసిన్ 2ని ఆపే బ్లెబిస్టాటిన్ వేసి 488 నానోమీటర్ల నీలి లేజర్‌తో జీఎఫ్‌పీ చూశారని ప్రశ్నలో ఉంటే అక్కడ ఆగండి: నీలి కాంతికి ఆ డ్రగ్ చెడిపోతుంది, సెల్‌కి విషమూ అవుతుంది. అలాగే స్క్రాచ్ అసేలో (సెల్స్ పొరని గీకి, ఆ ఖాళీ పూడటం చూసే పద్ధతి) గాయం పూడిందంటే మైగ్రేషన్ వల్లేనని అనుకోవద్దు. సెల్స్ విభజన చెందినా పూడుతుంది, విభజనని ఆపే మైటోమైసిన్ సి కంట్రోల్ ఉందో లేదో ముందు వెతకండి.