స్టాండింగ్ డెస్క్ కొనేముందు ఒకసారి టేపు పట్టుకుని కూర్చోండి

బటన్ నొక్కితే పైకి లేచి, కిందికి దిగే ఎలక్ట్రిక్ స్టాండింగ్ డెస్క్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎంత ఎత్తుకు లేస్తుంది?’ అని. ఆ తర్వాత ‘ఎన్ని కిలోలు మోస్తుంది?’ అని. మన ఇళ్లలో వాడకానికి ఈ రెండిటికంటే ముందు అడగాల్సింది ‘ఎంత కిందికి దిగుతుంది?’ అనే ప్రశ్న. 20 వేల నుంచి 40 వేల రూపాయల మధ్య దొరికే డెస్కుల్లో అసలైన తేడా అక్కడే ఉంది. రోజులో నిలబడి పనిచేసేది గంటో రెండు గంటలో. మిగతాదంతా కూర్చునే చేస్తాం. కూర్చున్నప్పుడు ఎత్తు కుదరకపోతే మోటారు ఎంత మంచిదైనా సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి.

కొలత ఇలా తీసుకోండి. రోజూ వాడే కుర్చీలోనే, చెప్పులు లేకుండా, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోవాలి. భుజాలు వదులుగా వదిలి, మోచేతులను ఎల్ ఆకారంలో మడవాలి. ఇంట్లో ఇంకొకరిని పిలిచి నేల నుంచి మోచేతి కింది భాగం దాకా టేపుతో కొలవమనండి. తర్వాత ఉత్తకాళ్లతో నిలబడి మళ్లీ కొలిపించుకోండి. నిలబడ్డప్పుడు మోచేతి ఎత్తు సుమారుగా మనిషి ఎత్తులో 63 శాతం ఉంటుంది. 5 అడుగుల 2 అంగుళాలు, అంటే 157 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకు నిలబడితే 99, కూర్చుంటే 61 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. 5 అడుగుల 8 అంగుళాలవాళ్లకు 109, 67. ఆరడుగుల మనిషికి కూడా నిలబడ్డప్పుడు 115 చాలు. బూట్లతో ఆఫీసులో కూర్చునేవాళ్లకు వీటికి రెండు మూడు సెంటీమీటర్లు కలుస్తాయి. మనం చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం కాబట్టి ఆ లెక్క మనకు వర్తించదు.

ఇప్పుడు డెస్కుల కొలతలు చూడండి. ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలతో ఉండే కాళ్లను టూ-స్టేజ్ అంటారు. ఇవి సాధారణంగా 71 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య తిరుగుతాయి. మూడు గొట్టాలుంటే త్రీ-స్టేజ్. అవి 61, 62 దాకా దిగి, 125 పైకి వెళ్తాయి. చాలా కంపెనీలు ఇచ్చే ఎత్తు ఫ్రేముది మాత్రమే, పై చెక్క మందం అందులో ఉండదు. 71కి 25 మిల్లీమీటర్ల చెక్క కలిపితే 73.5. అంటే 157 సెంటీమీటర్ల మనిషికి బల్ల మోచేతికంటే 12 సెంటీమీటర్లు పైన ఉంటుంది. కుర్చీ పైకి లేపుకుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి, కింద పీట వేసుకోవాలి. కీబోర్డు ట్రే బిగిస్తే ఆ మేరకు చేతులు దిగుతాయి గానీ తొడలకు తగులుతుంది. త్రీ-స్టేజ్ అయితే చెక్కతో కలిపి 64 దగ్గర ఆగుతుంది, కుర్చీ కాస్త సర్దుకుంటే సరిపోతుంది. 5 అడుగుల 10 అంగుళాలకు పైబడినవాళ్లు ఒక్కరే వాడే డెస్క్ అయితే టూ-స్టేజ్ తీసుకుని కుర్చీతో సర్దుకోవచ్చు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ వాడేదైతే మాత్రం ఇంకో నాలుగైదు వేలు ఎక్కువైనా త్రీ-స్టేజ్ వైపే వెళ్లండి.

మోటార్ల సంగతికి వస్తే, సింగిల్ మోటారు డెస్కులో ఒక కాలికే మోటారు ఉంటుంది. రెండో కాలిని ఒక పొడవాటి షట్కోణపు కడ్డీ తిప్పుతుంది. సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగం, 70, 80 కిలోల బరువు అని రాస్తారు. డ్యుయల్ మోటారులో కాలికొక మోటారు. వేగం 35, 38 మిల్లీమీటర్లు, బరువు 100 నుంచి 125 కిలోలు. బరువు లెక్క వేసి చూడండి: చెక్క 20 కిలోలు, రెండు 27 అంగుళాల మానిటర్లు స్టాండులతో కలిపి 12 కిలోలు, లాప్‌టాప్, స్పీకర్లు, పుస్తకాలు అన్నీ కలిపినా 40, 45 కిలోలు దాటవు. కాబట్టి కేవలం బరువు కోసం డ్యుయల్ అక్కర్లేదు. దానికి డబ్బు పెట్టాల్సిన కారణం వేరు: మానిటర్లన్నీ ఒక పక్కకే ఉన్నా రెండు కాళ్లూ సమానంగా లేస్తాయి, చప్పుడు తక్కువ, పైగా త్రీ-స్టేజ్ కాళ్లు ఎక్కువగా డ్యుయల్ మోటార్లతోనే వస్తాయి.

పై చెక్క విషయంలో ఇంకొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే డెస్కుతో వచ్చే చెక్క చాలావరకు లామినేట్ వేసిన పార్టికల్ బోర్డే, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. అది చెడ్డదేమీ కాదు, అయితే రెండు బలహీనతలున్నాయి. ఒకటి నీళ్లు. వైర్ల కోసం కోసిన రంధ్రం లోపలి అంచుకు, కింది అంచులకు బ్యాండింగ్ (అంచును మూసే పట్టీ) లేకపోతే విశాఖపట్నం, కాకినాడ లాంటి ఊళ్ల తేమకు రెండు వానాకాలాల్లో ఉబ్బుతుంది. రెండోది స్క్రూలు. ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే పట్టు పోతుంది. అలా పోతే రంధ్రంలో ఫెవికాల్ పోసి, టూత్‌పిక్కులు నాలుగైదు దూర్చి, ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ బిగించండి. మానిటర్‌ను మోసే ఆర్మ్‌ను బల్ల అంచుకు బిగించే క్లాంపు కింద చిన్న ఇనుప ప్లేటు పెట్టకపోతే బోర్డు నలిగి గుంట పడుతుంది.

ఫ్రేము ఒక్కటే కొని చెక్క బయట చేయించుకోవడం మంచి పద్ధతి. 25 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) ప్లైవుడ్ అడగండి, షీటు మీద ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం గుర్తు చూసుకోండి. 8×4 అడుగుల షీటులో 120×60 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు వస్తాయి, 150×75 అయితే ఒక్కటే. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి చేయించుకుంటే 120×60 చవగ్గా పడుతుంది. పైన సన్‌మైకా వేయిస్తే కింద కూడా పల్చటి లామినేట్ వేయించాలి. ఒకవైపే వేస్తే కొన్నాళ్లకు చెక్క విల్లులా వంగుతుంది. పాత టేకు తలుపును పై చెక్కగా వాడాలని చాలామందికి ఉంటుంది. ముచ్చటైన ఆలోచనే, కాకపోతే రెండు మీటర్ల తలుపు 40 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి కింద డ్యుయల్ మోటారు ఫ్రేమే ఉండాలి. టేకు అడ్డంగా సాగుతుంది, ముడుచుకుంటుంది కాబట్టి ఫ్రేము రంధ్రాలు పొడవుగా ఉన్నచోటే స్క్రూలు వేయించండి. గ్రానైట్ మాత్రం వద్దు. 20 మిల్లీమీటర్ల మందంతో 120×60 పలకే 39 కిలోలు, పైగా స్క్రూ దిగదు.

బిగించేటప్పుడు నేల మీద దుప్పటి పరిచి, దాని మీద చెక్కను బోర్లా పెట్టి పని మొదలుపెట్టండి. 25 మిల్లీమీటర్ల చెక్కకు స్క్రూ లోపలికి దిగే పొడవు 18 మిల్లీమీటర్లు దాటకూడదు. డ్రిల్ బిట్టుకు కొన నుంచి 18 మిల్లీమీటర్ల దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టేస్తే అంతకంటే లోతు వెళ్లదు. ఫ్రేము బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, మూలమట్టం పెట్టి చూశాకే బిగించాలి. ఒక్కో బోల్టు మొదటే పూర్తిగా బిగిస్తే కాళ్లు రెండూ సమాంతరంగా నిలవవు, మోటారు ఒక పక్క మూలుగుతుంది. తిప్పి నిలబెట్టడానికి ఇద్దరు కావాలి. చెక్క అంచు పట్టుకోకుండా ఫ్రేమునే పట్టుకుని లేపండి, లేకపోతే స్క్రూలు ఊడి చేతికొస్తాయి.

ఊగడం గురించి ఫిర్యాదులు ఎక్కువ. ఎత్తు 105 సెంటీమీటర్లు దాటాక ప్రతి డెస్కూ కొంత ఊగుతుంది, మూడు గొట్టాలవి కాస్త ఎక్కువ. కానీ మరీ ఊగుతోందంటే చాలాసార్లు తప్పు నేలది. కొన్ని ఇళ్లలో బాల్కనీ పక్క గదిలో టైల్స్ నీళ్లు పోయేలా వాలుగా వేస్తారు. పాదాల కింద ఉండే మరల్ని తిప్పి నాలుగు మూలలూ నేలకు ఆనించండి. నెల రోజుల తర్వాత ఆరు పలకల ఎలెన్ కీతో బోల్టులన్నీ ఇంకోసారి బిగించండి. రోజూ తడిబట్ట పెట్టే ఇళ్లలో పాదాల అంచుల దగ్గర పెయింట్ లేచిందేమో చూస్తూ ఉండాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఇక కరెంటు. డెస్క్ లేచేటప్పుడు రెండు మూడు వందల వాట్ల దాకా లాగవచ్చు. ఇంటి ఇన్వర్టరుకు అది లెక్కలోది కాదు. కంప్యూటరుకు పెట్టుకున్న 600 వీఏ యూపీఎస్‌కు మాత్రం దీన్ని తగిలించకండి. అది ఇవ్వగలిగేది 360 వాట్ల దగ్గరే. కరెంటు పోయినప్పుడు డెస్క్ లేపితే ఓవర్‌లోడై కంప్యూటరు కూడా ఆరిపోతుంది. డెస్క్ మాత్రం ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది, కింద పడదు.

ఎర్త్ గురించి గట్టిగా చెప్పాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్ పవర్ సప్లై నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ ఎర్తులోకి పోతుంటుంది. ప్లగ్ పాయింటులో ఎర్త్ లేకపోతే అది సీపీయూ బాడీ మీదికి, సీపీయూను డెస్కుకే వేలాడదీస్తే ఇనుప ఫ్రేము మీదికి వస్తుంది. ఉత్తకాళ్లతో టైల్స్ మీద కూర్చుని మోకాలు ఫ్రేముకు తగిలితే చిమచిమలాడుతుంది. టెస్టరును ఫ్రేము బోల్టుకు ఆనించి చూడండి. పెయింట్ లేనిచోట లైటు వెలిగితే ఎలక్ట్రీషియన్ను పిలిచి ఎర్త్ సరిచేయించాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులుగా మార్చే ఎడాప్టర్లు వాడొద్దు. డెస్క్ విదేశీ ప్లగ్గుతో వస్తే యూనివర్సల్ ఎడాప్టరు పెట్టకుండా మన మూడు పిన్నుల కార్డే వేసుకోండి. డెస్కు మోటార్లను నడిపే కంట్రోల్ బాక్సు సాకెట్ ఆకారం కలిస్తే మామూలు సీపీయూ పవర్ కార్డే సరిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సును చెక్క కిందే బిగించి, గోడకు ఒక్క వైరే వెళ్లేలా చూడండి. ఆ వైరు డెస్క్ పూర్తిగా లేచినప్పుడు కూడా వదులుగా ఉండాలి. సీపీయూ నేల మీద ఉంటే 1.5 మీటర్ల హెచ్‌డీఎంఐ చాలదు, 3 మీటర్లది తీసుకోండి. కిటికీ గట్టు, గోడ అల్మారా డెస్కుకు అడ్డొస్తాయేమో, దిగేటప్పుడు కుర్చీ చేతులు ఇరుక్కుంటాయేమో ఒకసారి మొత్తం తిప్పి చూడండి. తగిలితే వెనక్కి వెళ్లే ఏర్పాటు ఉన్నా అది గట్టి వస్తువుకే బాగా పనిచేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బటన్ లాక్ తప్పనిసరి.

ఒక కాలు పైకి, ఒకటి కిందికి ఆగిపోతేనో, బటన్ నొక్కినా కదలకపోతేనో కంగారు పడకండి. సగంలో కరెంటు పోయినప్పుడు ఇలా అవుతుంటుంది. డెస్క్ మీద బరువు తీసేసి, ప్లగ్ ఒక నిమిషం తీసి పెట్టండి. కిందికి బటన్ నొక్కి పట్టుకుని పూర్తిగా దించి, వదిలి, మళ్లీ నొక్కి పట్టుకోవాలి. డెస్క్ కొద్దిగా దిగి, కొద్దిగా లేచి ఆగుతుంది. అప్పుడు వదలండి. చాలా కంట్రోల్ బాక్సులకు రీసెట్ ఇదే. డిస్‌ప్లే మీద ‘హాట్’ అని వస్తే అది వేడి. ఈ మోటార్లు 2 నిమిషాలు నడిస్తే 18 నిమిషాలు ఆగాలన్న లెక్కతో చేసినవి. పిల్లలు లిఫ్టులా ఆడుకున్నాక వచ్చేది ఎక్కువగా ఇదే, కాసేపు వదిలేస్తే తగ్గుతుంది.

వారంటీలో ఫ్రేముకు ఇచ్చే ఏళ్లు చూసి మురిసిపోకండి, ఇనుము ఎలాగూ అంత త్వరగా పాడవదు. మోటారుకు, కంట్రోల్ బాక్సుకు, హ్యాండ్‌సెట్‌కు (బటన్లుండే భాగానికి) విడివిడిగా ఎన్నేళ్లో, మీ ఊరికి మనిషి వస్తాడో లేక మీరే పార్సిల్ చేయాలో కొనేముందే రాతపూర్వకంగా అడగండి. చాలా బ్రాండ్ల లోపలి భాగాలు జియేచాంగ్, లోక్‌టెక్ లాంటి చైనా కంపెనీల దగ్గర తయారైనవే కాబట్టి, బ్రాండ్ మూతపడినా మోడల్ నంబరు ఉంటే బాక్సు బయట వెతుక్కోవచ్చు. ఆ నంబరు స్టిక్కరు చెక్క కిందివైపుకు వెళ్లి కనబడకుండా పోతుంది. డెస్కును తిప్పి నిలబెట్టకముందే బాక్సు స్టిక్కరుకు, రెండు కాళ్ల స్టిక్కర్లకు ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.